వాకిట్లో పులి అడుగు

అనగనగా కుంభవరానికి ఓ రాజు. ఆయన మీసాలు ఎంత పొడుగంటే, దాసీలు వాటిమీద చీరలు ఆరేసుకునేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. అడవిలో మనుషుల్ని మింగుతున్న పులిని చంపుతానని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. నడిపివాడు వెళ్లాడు, రాలేదు. చిన్నవాడు మణికేతుడు పిల్లి తుమ్మితే మంచమెక్కే రకం. అయినా అన్నల కోసం ఏడు కొండలు దాటి, అడవి అంచున ఒంటరి పూరింటికి చేరాడు.

ఆ ఇంట్లో గురివింద అనే పిల్ల, మూలన చాపమీద మూలిగే ఓ ముసలాయన.

"మీ తాతా?"

"కాదు దొరా! దారి తప్పి వచ్చాడు. పాపం, నడవలేడు."

గురివింద సందెవేళ కంచె పక్కన నేల పేడతో అలికింది. "ఏ జంతువొచ్చినా తెల్లారేసరికి ఈ నేలే చెబుతుంది" అంది.

తెల్లారింది. చేటంతేసి పులి అడుగులు కంచె పక్కన! కుక్క మంచం కింద నక్కి మొరగడమే మానేసింది.

రెండోనాడు పశువులపాక దాకా అలికింది. అడుగులు పాక దాకా ఉన్నాయి. ముళ్లకంపకు పసుపు వెంట్రుకలు. కోళ్లన్నీ ఇంటి కొప్పెక్కి కూర్చున్నాయి.

"దగ్గరికొస్తోంది పిల్లా!" మణికేతుడి పళ్లు టకటకలాడాయి.

"ఆ చప్పుడు ఆపండి దొరా, పులికి దారి తెలుస్తుంది."

మూడోనాడు గడప దాకా అలికింది. తెల్లారి తలుపు తీస్తే అడుగులు గడప దాకా ఉన్నాయి! మణికేతుడు వంగి చూశాడు. వేళ్లన్నీ కంచెవైపే. వచ్చిన అడుగు ఒక్కటీ లేదు.

పులి దగ్గరికి రాలేదు. అలుకే దగ్గరికి వచ్చింది. పులి రోజూ ఈ గడపలోంచే బయల్దేరుతోంది!

మణికేతుడు మెల్లిగా వెనక్కి తిరిగాడు. మూలన చాప ఖాళీ.

గోడమీద బల్లి పలికింది: "వాడు మాంత్రికుడు! పులయ్యే ముందు ప్రాణాన్ని గడప పక్కన మనిషి అడుగులో పెట్టి పోతాడు. తిరిగొచ్చి అందులో కాలు పెడితే మళ్లీ మనిషి. చెరిపేయండి! మొన్న నా తోక తొక్కాడు, దొంగముండాకొడుకు!"

అప్పుడే గాండ్రింపు. చెట్ల ఆకులన్నీ ఒక్కసారిగా రాలిపోయాయి. కంచె దూకి వచ్చింది పులి, గడ్డివామంత!

గురివింద పేడతట్టకు పరుగెత్తింది. పులి ఆమె మీదికి తిరిగింది. మణికేతుడికి పారిపోవాలనే ఉంది. కాళ్లు మాత్రం ముందుకే నడిచాయి. "ఇటు రావే! మా అన్నల్ని తిన్న నోటితోనే నన్నూ తిను!" అని అరిచాడు. అతని మోకాళ్ల చప్పుడు మూడూళ్లకు వినపడింది.

పులి ఎగిరింది. దాని ఊపిరి అతని మొహాన్ని కాల్చింది. గురివింద ఆ మనిషి అడుగుమీద చేత్తో ఒక్క అలుకు అలికింది.

పులి గాల్లోనే బిగుసుకుపోయి దబ్బున పడింది. పొట్ట పగిలి అన్నలిద్దరూ వచ్చారు, గుర్రాలతో సహా!

ఆ పెద్దవాళ్లిద్దరికీ చీకటంటే ఎంత భయం పట్టుకుందంటే, పట్టపగలు కూడా దీపం పట్టుకుని తిరిగేవారు. అందుకని రాజు సింహాసనం చిన్నవాడికిచ్చి, గురివిందనిచ్చి పెళ్లి చేశాడు. పెళ్లి పప్పు కలపడానికి పడవలేసుకుని వెళ్లారు. వాళ్లు వెయ్యేళ్లు ఏలారు, తనివి తీరక ఇంకో వందేళ్లు ఏలారు. వాళ్ల కంచంలో మెతుకు తరగలేదు, మన నోట్లో మాట తరగలేదు.