వివేకం వారి గ్రీటింగ్ కార్డు

తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలో ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే వివేకం వాళ్ళు సంతోషించి నాకు కూడా ఒక గ్రీటింగ్ కార్డు చేసిస్తారు. ఆ ప్రమాదం నాకొద్దు.

వాళ్ళ ఇంటిపేరే వివేకం. ఇంక వాళ్ళ గర్వం సంగతి అడగాలా? తల్లి నాంచారమ్మ వీధిలో పోయేవాళ్ళని ఆపి మరీ చెప్పేది. "నాకూ నా ముగ్గురు కొడుకులకూ కలిపి నాలుగు బుర్రలమ్మా. ఒక్కటీ ఇంతవరకూ వాడలేదు. కొన్నవి కొన్నట్టే ఉన్నయ్యి. మా కోడలుంది చూశావూ, వాడి వాడి అరగదీసుకుంది."

ఆ కోడలు వకుళ. పెద్దకొడుకు పానకాలు భార్య. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందన్నా, తలుపు సరైన వైపుకి తెరుచుకుంటోందన్నా ఆవిడ చలవే. అలాంటి మనిషి ఒక ఉదయం పెట్టె పట్టుకుని రేపల్లెలో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

జరిగింది ఇది. పెళ్ళిరోజు వస్తోందని పానకాలు భార్యని అడిగాడు. "నీకేం తెమ్మంటావు?" ఆడవాళ్ళు అన్నట్టే ఆవిడ కూడా, "నాకేం వద్దులెండి" అంది. అంతే. పానకాలు తెనాలి వెళ్ళి, రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టిన పెద్ద పెట్టె ఒకటి తెచ్చాడు. వకుళ పొంగిపోయి విప్పింది. లోపల ఏమీ లేదు. "నువ్వడిగిందే తెచ్చా, మూడు కొట్లు తిరిగా" అన్నాడు పానకాలు.

వకుళ గడప దాటుతూ ఒకే మాట చెప్పింది. "మీరు మీ చేత్తో ఒక కార్డు చేసి, క్షమించమని అడిగేదాకా ఈ ఇంటికి రాను."

మొదటి రోజు వాళ్ళకేం తెలియలేదు. రెండో రోజు బియ్యం నమిలారు. మూడో రోజు పానకాలు ఆవిడ ఖాళీ పీట ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మూర్ఖుడే కానీ భార్య అంటే ప్రాణం. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

"ఏడుపు ఆపరా. కార్డే కదా, చేద్దాం" అన్నాడు రెండోవాడు లింగమూర్తి. మూడోవాడు రాఘవులు, ముప్పై ఏళ్ళవాడు, తనూ చేస్తానని లేచాడు. అందరూ కలిసి తెనాలిలో కార్డుల సామాన్లమ్మే సత్యవేణి గారి కొట్టుకి పోయారు.

సత్యవేణి గారు ఓర్పున్న మనిషి. అన్నీ బల్ల మీద పరిచి చూపించింది. రబ్బరు అచ్చులు, వాటికి అద్దే ఇంకు పెట్టెలు, కాగితంలో పువ్వులూ హృదయాలూ కోసే సన్నటి ఇనప చట్రాలు. వాటిని డై అంటారట. "డై మీద బరువు సమంగా పడాలండీ. ఎంత బరువు పడితే అంత శుభ్రంగా తెగుతుంది. ఇదుగో, ఈ చక్రం తిప్పే మిషనులో పెడితే సరి. అచ్చుని మాత్రం ముందు ఎందుకూ పనికిరాని దాని మీద వేసి చూసుకోండి. ఇంకు ఆరేదాకా చేత్తో ముట్టుకోకండి. ఇది నీళ్ళకి పోయే రకం కాదు."

"మిషనొద్దు. మా ఆవిడ చేత్తో చెయ్యమంది" అన్నాడు పానకాలు.

ఇంతలో లింగమూర్తి 'నన్ను క్షమించు' అన్న రబ్బరు అచ్చు తిప్పి చూసి అదిరిపడ్డాడు. "అన్నయ్యా, అక్షరాలన్నీ తిరగేసి ఉన్నయ్యి! ఈవిడకి ఎవరో పాడు సరుకు అంటగట్టారు."

"అచ్చు అలాగే ఉంటుంది బాబూ, కాగితం మీద పడితే..." అని ఆవిడ చెప్పబోయింది.

"మీరు బాధపడమాకండి, మేం ఎవరికీ చెప్పం" అని నాంచారమ్మ ఆవిడ చెయ్యి నిమిరింది. అచ్చు వదిలేసి, హృదయం డై ఒకటి, ఎర్ర ఇంకు, దళసరి కాగితాలు కొనుక్కుని ఇంటికొచ్చారు.

ముందు డై పని. కాగితం మీద డై పెట్టి, దాని మీద నాంచారమ్మని కూర్చోబెట్టారు. తెగలేదు. ఆవిడ ఒళ్ళో రాఘవుల్ని కూర్చోబెట్టారు. రాఘవులు ఒళ్ళో రుబ్బురోలు పెట్టారు. రాఘవులు అరిచాడు, నాంచారమ్మ అరిచింది, కాగితం మాత్రం చెక్కుచెదరలేదు.

"బరువు చాల్లేదు" అన్నాడు లింగమూర్తి. అప్పుడే వీధి చివర కొత్తగా తారు పోసి రోడ్డు వేస్తున్నారు. రోలరు గడగడమంటూ అటూ ఇటూ తిరుగుతోంది. ఇంకేముంది, ముగ్గురూ పరిగెత్తారు.

"మిషనొద్దన్నావు కదన్నయ్యా?" అని దారిలో రాఘవులు అడిగాడు.

"ఇది మిషను కాదురా, బండి" అన్నాడు పానకాలు.

రోలరు నడిపే ఆయన పక్కకి పొమ్మని కేకలేస్తూనే ఉన్నాడు. వీళ్ళు వేడి తారు మీద డై పెట్టి, పైన కాగితం పరిచి తప్పుకున్నారు. రోలరు ఎక్కి దిగింది. నిజంగానే తెగింది! కార్డు మధ్యలో హృదయం ఆకారంలో చిల్లు, చుట్టూ తారు నలుపు. కోసిన హృదయం, డై రెండూ మాత్రం రోడ్డులోకి దిగబడిపోయాయి.

పానకాలు రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. వచ్చిన లారీనల్లా ఆపి, "ఇటు రామాకండి బాబూ, నా గుండె ఇక్కడుంది, తొక్కుతారు" అని దణ్ణం పెట్టాడు. ఒక లారీ డ్రైవరు దిగి వాణ్ణి నీడలో కూర్చోబెట్టి మజ్జిగ తాగించి వెళ్ళాడు.

తర్వాత అచ్చు పని. అక్షరాలు చెక్కడానికి మెత్తటి రబ్బరు కావాలి. ఇల్లంతా వెతికితే దొరికింది నాంచారమ్మ హవాయి చెప్పు ఒక్కటే. లింగమూర్తి దాన్ని కడిగి, బ్లేడు పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. అక్షరాలు పైకి మిగిలేలా చుట్టూ రబ్బరంతా కోసేశాడు. ఎడమ నుంచి కుడికి, చక్కగా, ఎవరైనా చదివేలా 'నన్ను క్షమించు'.

"ఇదీ అచ్చంటే! ఆ సత్యవేణి గారికి చూపించి నేర్పాలి" అన్నాడు.

"పెళ్ళానికి చెప్పుతో క్షమాపణ చెప్పటం మన వంశంలో ఇదే మొదలు" అని నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఎందుకూ పనికిరాని దాని మీద వేసి చూడాలి కదా. మళ్ళీ వెతుకులాట. విరిగిన గొడుగు తెస్తే, "అది వాన లేనప్పుడు పనికొస్తుంది" అంది నాంచారమ్మ. కాలు విరిగిన కుర్చీ తెస్తే, దాని మీద పిల్లి పడుకుంటుందంది. ముగ్గురూ ఆలోచించారు. మెల్లిగా అందరి చూపులూ రాఘవులు మీదికి వెళ్ళాయి.

రాఘవులు సంబరపడిపోయాడు. "ఇన్నాళ్ళకి నేనూ ఒకదానికి పనికొచ్చా!"

"పనికొస్తే ఎట్టారా? పనికిరాని దాని మీదే వెయ్యమందావిడ" అని లింగమూర్తి చెప్పు వెనక్కి తీశాడు.

"అయితే పనికిరాన్లే. వెయ్యి" అని రాఘవులు నుదురు ముందుకు పెట్టాడు.

ఠప్పున ఒక్కటి వేశాడు. రాఘవులు నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఎర్రటి అక్షరాలు పడ్డాయి. పడ్డాయి కానీ, అన్నీ తిరగేసి. ఒక్కటీ చదవడానికి రావట్లేదు. లింగమూర్తి చెప్పు తిప్పి మళ్ళీ చూసుకున్నాడు. "నేను సరిగ్గానే చెక్కానే! వీడి నుదురే తిరగేసి ఉంది."

తన నుదురు ఎట్టా ఉందో చూసుకుందామని రాఘవులు బీరువా అద్దం దగ్గరికి పోయాడు. అక్కణ్ణుంచి ఒక్క కేక. "సరిగ్గానే ఉందన్నయ్యా! నన్ను, క్షమించు. ఒక్క తప్పు లేదు!"

అందరూ పరిగెత్తి అద్దంలో చూశారు. నిజమే. బయటికొచ్చి మొహం చూశారు. తిరగబడింది. మళ్ళీ అద్దంలో చూశారు. సరిగ్గా ఉంది. నాంచారమ్మ నడుం మీద చెయ్యేసుకుని తీర్పు చెప్పింది. "అచ్చులో తప్పు లేదు, నుదుట్లో తప్పు లేదు. చేత్తో చేసిన కార్డుని అద్దంలో చదవాలి, అంతే. మనకి తెలీక ఇన్నాళ్ళూ అన్నీ ఉత్తినే చదువుతున్నాం."

ఇంకేముంది! చిల్లు కింద, తారు పక్కన ఠప్పుమని అచ్చు వేశారు. మరి వకుళ చదవాలంటే అద్దం కావాలి కదా, బీరువా తలుపుకున్న అద్దం ఊడి రాలేదని తలుపే ఊడదీశారు. ఇంకు ఆరలేదు, చేత్తో ముట్టుకోకూడదు. పానకాలు వంటింట్లోంచి పట్టకారు తెచ్చి కార్డుని దానితో పట్టుకున్నాడు. ముందు పట్టకారుతో పానకాలు, వెనక తలుపు మోస్తూ తమ్ముళ్ళిద్దరూ, ఆ వెనక ఒంటి చెప్పుతో నాంచారమ్మ, రేపల్లె బస్సెక్కారు.

"ఏందయ్యా ఈ తలుపు?" అన్నాడు కండక్టరు.

"కార్డు చదవటానికి" అన్నాడు లింగమూర్తి.

కండక్టరు రాఘవులు నుదురు చూశాడు, పట్టకారు చూశాడు. డ్రైవరు పక్క సీటు ఖాళీ చేయించి, దారంతా వాళ్ళ మీద ఒక కన్నేసే ఉంచాడు.

రేపల్లెలో వకుళ అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఈ ఊరేగింపు సందు తిరగ్గానే చేట వదిలేసి లేచి నిలబడింది. తమ్ముళ్ళు తలుపు నిలబెట్టారు. పానకాలు భార్యని అద్దం ముందు నిలబెట్టి, పక్కన నిలబడి, పట్టకారుతో కార్డు ఎత్తి పట్టుకున్నాడు. అద్దంలో ఆవిడ మొహం, పక్కన వాడి బిక్కమొహం, ఇద్దరి మధ్యా ఎర్రటి అక్షరాలు. నన్ను క్షమించు.

వకుళ ముందు మూతి బిగించింది. తర్వాత పెదవి వణికింది. తర్వాత నవ్వింది చూడండి, అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ఎప్పుడు నవ్వు ఏడుపైందో ఆవిడకే తెలియలేదు. "మీతో నేను వేగలేను. మీరు లేకుండానూ ఉండలేను. ఉండండి, పెట్టె సర్దుకొస్తా" అంది.

పని అయిపోయింది. ఇక్కడితో ఆగితే అది వివేకం వారి ఇల్లెందుకవుతుంది?

పెట్టె తెచ్చుకుని గుమ్మంలోకి వచ్చిన వకుళ, కార్డు వైపు ముద్దుగా చూసి, "పదేళ్ళ కాపురంలో నాకంటూ పోస్టులో ఒక్క ముక్క రాలేదండీ. ఇదే పోస్టులో వచ్చి, పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి పిలిచుంటే ఎంత బాగుండేదో!" అంది.

అంతే. పానకాలు కార్డు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు ఈడే ఉండు. పోస్టులో పంపుతా."

"అయ్యో, ఊరికే అన్నానండీ! పదండి పోదాం."

"కుదరదు. నువ్వు నోరు తెరిచి అడిగావు. నువ్వు అడిగింది చెయ్యకపోతే నేనేం మొగుణ్ణి? అది నీ చేతికందాకే బయల్దేరు."

వకుళ నెత్తి కొట్టుకుంది. కానీ తన కోసం ఒక మనిషి పోస్టాఫీసుకి పరిగెత్తడం పదేళ్ళలో మొదటిసారి. లోలోపల మురిసింది. "సరే, రెండ్రోజులే కదా" అని పెట్టె పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

పోస్టాఫీసులో గుమాస్తా కవరిచ్చి, "ఎవరికండీ?" అన్నాడు.

"మా ఆవిడకి."

"ఆవిడ ఎక్కడుంటారు?"

పానకాలు గుమాస్తాని జాలిగా చూశాడు. "పెళ్ళైన ఆడమనిషి యాడుంటదండీ? మొగుడింట్లో."

"ఆ ఇంటాయన పేరు, ఊరు చెప్పండి."

పానకాలు చెప్పాడు. గుమాస్తా 'వివేకం పానకాలు గారు' అని రాసి, కింద ఊరు రాశాడు. "పంపేవాళ్ళ అడ్రసు?"

"ఇప్పుడు ఈడే ఉన్నాం కదండీ. రేపల్లె, మా మావగారిల్లు రాయండి."

గుమాస్తా ఠప్ ఠప్ అని ముద్రలు వేశాడు. నలుగురూ తలుపు నెత్తికెత్తుకుని ఇంటికొచ్చారు.

రెండో రోజు మధ్యాహ్నం పోస్టుమాన్ కవరు ఇచ్చి వెళ్ళాడు. పానకాలు తిప్పి చూశాడు. పంపినవారు, రేపల్లె, మామగారి ఇల్లు. "వకుళ రాసిందిరో!" అని కేక పెట్టాడు. అందరూ బీరువా తలుపు దగ్గర గుమిగూడారు. కార్డుని అద్దానికి చూపించి, లింగమూర్తి గట్టిగా చదివాడు. "నన్ను క్షమించు."

నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "పిచ్చిపిల్ల! తప్పు మనం చేస్తే తను అడుగుతోందిరా."

పానకాలు కార్డు గుండెకి హత్తుకున్నాడు. "చూశావా అమ్మా, మన లాగే మధ్యలో గుండె కోసింది. చుట్టూ తారు కూడా రాసింది. మేం చెప్పుకోకపోయినా ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. మొగుడూ పెళ్ళాలంటే అట్టుండాలి!"

"కానీ అన్నయ్యా, తనది ఎంత బాగుందో చూడు" అన్నాడు రాఘవులు. "ఆ కోత ఎంత నున్నగా ఉంది! ఆ అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నయ్యి!"

పానకాలు మొహం మాడిపోయింది. నిజమే. ఇంత అందమైన కార్డు పంపిన భార్యకి తను పంపింది ఏంటి? రోలరు కింద నలిగిన కాగితం, చెప్పుతో కొట్టిన అచ్చు. అప్పుడంటే నవ్వింది, మళ్ళీ చూస్తే ఏమనుకుంటుంది? ఈసారి అసలు రానే రాదేమో!

"ఆ దిక్కుమాలిన కార్డు తనకి అందకూడదు" అన్నాడు. అన్నవాడు అన్నట్టే, వకుళ పంపిన కార్డుని పదిలంగా జేబులో పెట్టుకుని రేపల్లె బస్సెక్కాడు.

నిన్న పని మీద రేపల్లె వెళ్ళి కళ్ళారా చూసొచ్చాను. అరుగు మీద పెట్టె పక్కన పెట్టుకుని, పోస్టుమాన్ ఎప్పుడొస్తాడా అని వకుళ కూర్చుని ఉంది. సందు మొదట్లో కిళ్ళీకొట్టు చాటున, పోస్టుమాన్ వస్తే ఎట్టాగైనా ఆపాలని పానకాలు కాపలా ఉన్నాడు. జేబులో కార్డు నలక్కుండా దాని మీద చెయ్యి వేసుకుని మరీ నిలబడ్డాడు.