సంతోషంలో ఫస్ట్

తొమ్మిదో తరగతి నీలవేణి మొదటి పీరియడ్ కాగానే ఆటసామాన్ల గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. పొద్దున టిఫిను తినలేదు. మధ్యాహ్నం అన్నానికీ రాలేదు.

"ఏమైందమ్మా?" అని తలుపు బయట నుంచి విద్యాధర్ అడిగాడు.

"ఏం కాలేదు సార్. బాగున్నాను," అంది. వెంటనే వెక్కిళ్లు వినిపించాయి.

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. విద్యాధర్ ఆ హాస్టల్ బడికి కొత్తగా వచ్చిన కౌన్సెలర్. పిల్లల మనసులు కనిపెట్టి ఉండటమే అతని ఉద్యోగం. ఆ పిల్ల ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని అతనికి ఒకటే ఆదుర్దా. తలుపు ఊడదీయించడానికి ప్రిన్సిపాల్ అప్పటికే వడ్రంగికి కబురు పెట్టారు. అందరి ముందూ అలా బయటికి లాక్కొస్తే ఆ పిల్ల ఇక జన్మలో నోరు విప్పదని విద్యాధర్ భయం. వార్డెన్‌ను తలుపు దగ్గర ఉంచి స్టాఫ్‌రూముకు పరుగెత్తాడు.

అక్కడ ఎస్తేరు మేడమ్ అన్నం తింటున్నారు. అతనికి ఈ పని నేర్పుతున్నది ఆవిడే.

"ట్యాబ్‌లో చూడండి మేడమ్! రోజూ పచ్చబొమ్మే నొక్కింది. ఇవాళ కూడా!"

ఈ ట్యాబ్ సంగతి చెప్పాలి. ప్రతి క్లాసు గుమ్మం దగ్గరా, టీచర్ల కోసం స్టాఫ్‌రూములోనూ ఒక్కొక్కటి పెట్టించింది విద్యాధరే. పొద్దున లోపలికి వెళ్లేటప్పుడు పిల్లలు ఒక్కొక్కరూ తమ పేరు మీద ఒక బొమ్మ నొక్కాలి. నవ్వే పచ్చబొమ్మ, ఏడ్చే ఎర్రబొమ్మ. పచ్చది నొక్కితే చప్పట్లు మోగుతాయి. ఏ సెక్షన్‌లో ఎక్కువమంది నవ్వుతున్నారో వరండాలోని తెర మీద ర్యాంకులు పడతాయి. సంతోషానికి కూడా ఫస్ట్ ర్యాంకు ఉంటుందని ఆ బడికి అప్పుడే తెలిసింది. తెలిశాక ఊరుకుంటారా? పచ్చదే రైటని పిల్లలు వరసలో చెవులు కొరుక్కున్నారు. ఎర్రది నొక్కిన ఒకరిద్దరిని తక్కినవాళ్లు తిట్టిపోశారు. నీలవేణి సెక్షన్ మొదటి నుంచీ ఫస్టే. అసెంబ్లీలో విద్యాధర్‌కు శాలువా కూడా కప్పారు.

"ఇంకెలా అడగాలి మేడమ్? ఏ ప్రశ్న వేస్తే చెబుతుంది?"

మేడమ్ చెయ్యి కడుక్కుని వచ్చి అతని ముఖంలోకి చూశారు.

"నువ్వెలా ఉన్నావు నాయనా?"

"నేను బాగానే ఉన్నాను. ఆ పిల్ల సంగతి చెప్పండి."

ఆవిడ ట్యాబ్ అతని ముందుకు జరిపారు. "నీ పేరు మీద నొక్కు."

అన్నం తింటున్న టీచర్లంతా తలలెత్తి చూస్తున్నారు. విద్యాధర్‌కు ముఖమంతా చెమటలు. అయినా వేలు వెళ్లి పచ్చబొమ్మ మీద పడింది.

స్టాఫ్‌రూమంతా చప్పట్లు మోగాయి.

మేడమ్ ట్యాబ్ తీసి బోర్లించి పెట్టారు.

విద్యాధర్ తిరిగి వచ్చేసరికి వడ్రంగి తలుపు దగ్గర కూచుని పనిముట్ల సంచి విప్పుతున్నాడు. వెనకే వచ్చిన మేడమ్, "కాస్త టీ తాగి వద్దువుగానీ రావయ్యా," అంటూ వడ్రంగినీ వార్డెన్‌నూ వెంటబెట్టుకుని వరండా చివరికి వెళ్లారు.

విద్యాధర్ తలుపుకు ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"నీలవేణీ, నాకు చాలా భయంగా ఉందమ్మా. కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఇందాక అందరూ చూస్తున్నారని, బాగున్నానని అబద్ధమాడి వచ్చాను."

లోపల వెక్కిళ్లు ఆగాయి.

"సార్..." ఈసారి గొంతు తలుపుకు బాగా దగ్గరగా వినిపించింది. "మా ఇంటి సంగతి సార్. చెబితే మా సెక్షన్‌కి ఫస్ట్ పోతుంది కదా?"

"పోతే పోనీ తల్లీ."

గడియ తీసిన చప్పుడైంది.