ఇరవై ఒకటో ఆకు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి రాజు ఉన్నాడో లేడో నాకు తెలియదు గానీ, బడి మాత్రం ఉండేది. వాగుకు అవతలి ఒడ్డున నేరేడు చెట్ల నీడలో బడి, ఇవతలి ఒడ్డున ఇరవై ఒక్క ఇళ్ళు. ఇంటికొకరు చొప్పున పిల్లలు రోజూ వాగులోని బండల మీద గెంతుకుంటూ బడికి వెళ్ళేవారు.

బడికి పెద్ద భూధరం పంతులుగారు. ఆయన ఏనుగు. పాఠం చెప్పడంలో ఆయనకు సాటి లేదు. కానీ ఇళ్ళకు కబురు పంపడమే తెలుసు ఆయనకు. అది చేరిందో లేదో కనుక్కోవాలని ఎన్నడూ తోచలేదు.

ఒకసారి బడిలో వంట చేసే ఎలుగమ్మకు జ్వరం వచ్చింది. "రేపు పిల్లలకు అన్నం మూట కట్టి పంపమని ఇళ్ళల్లో చెప్పు" అని పంతులుగారు నెమలిని పంపారు. నెమలి గుట్ట ఎక్కి, పింఛం విప్పి, ఒక్క కేక వేసింది. తన గొంతుకు తనే మురిసిపోయి తిరిగివచ్చింది.

"అందరికీ చెప్పేశాను పంతులుగారూ!"

మర్నాడు సగం మంది పిల్లలు ఉత్త చేతులతో వచ్చారు. అందులో సూదమ్మ ఒకతి, ముళ్ళపందిగారి అమ్మాయి.

"మీ అమ్మకు నీ మీద బొత్తిగా శ్రద్ధ లేదే!" అన్నారు పంతులుగారు. సూదమ్మ తల దించుకుంది. పాపం, ఆకలి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

మరోసారి పిల్లలకు పరగడుపున వేపరసం పట్టే రోజు వచ్చింది. ఈసారి పంతులుగారు చిలకను పిలిచి కబురు వల్లె వేయించారు. చిలక ఇల్లిల్లూ తిరిగింది.

"తల్లిదండ్రులెల్లరు తమ సంతానమును రేపు అల్పాహార రహితముగా పాఠశాలకు ప్రేషించవలెను!"

"అంటే ఏమిటమ్మా?" అంది కుందేలు తల్లి. చిలక మళ్ళీ అదే అప్పజెప్పి ఎగిరిపోయింది. ఒక బొరియ ముందు జవాబే రాలేదు. అయినా అక్కడా ఒక్క అక్షరం వదలకుండా చెప్పి వచ్చింది.

"అందరికీ చెప్పేశాను పంతులుగారూ!"

మర్నాడు పిల్లలంతా కడుపునిండా తిని వచ్చారు. వేపరసం పడగానే ఒకటే వాంతులు. సూదమ్మదైతే సరిగ్గా పంతులుగారి కాలి మీద పడింది.

"మళ్ళీ నువ్వేనా! మీ అమ్మ చెవులు ఎక్కడ పెట్టుకుంది?"

బడి కప్పు బాగుచేస్తున్న వడ్రంగిపిట్ట ఇదంతా చూసింది. దానికి జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. దిగివచ్చి, "ఈసారి కబురు నాతో పంపండి పంతులుగారూ. ప్రతి ఇంటి నుంచీ ఒక ఆకు తెస్తాను" అంది.

"ఆకులెందుకు? విస్తరి కుడతావా?" అని నవ్వింది నెమలి.

"విన్నామనడానికి గుర్తు" అంది వడ్రంగిపిట్ట.

వానాకాలం వచ్చింది. ఒకనాడు తెల్లవారుతూనే కొంగ రొప్పుతూ వచ్చి వాలింది.

"పంతులుగారూ, ఎగువ కొండల్లో కుండపోత! బడి గంట వేళకు వాగు పొంగుతుంది. బండలు మునుగుతాయి!"

పంతులుగారు గబుక్కున లేచారు. సరిగ్గా ఆ వేళకే పిల్లలు వాగు దాటుతారు. వెంటనే వడ్రంగిపిట్టను పంపారు. అది ప్రతి గడప మీదా టకటకా కొట్టింది. నిద్రపోతుంటే లేపింది. "వాగు పొంగుతోంది. ఈ రోజు పిల్లల్ని పంపకండి. నేనేమన్నానో ఒకసారి చెప్పండి చూద్దాం" అంది. వాళ్ళు తిరిగి చెప్పాకే వాకిట్లో ఆకు తుంచుకుని కదిలింది.

తిరిగివచ్చి ఆకులు పంతులుగారి ముందు పోసింది. ఆయన లెక్కపెట్టారు. ఇరవై.

"అందరికీ చెప్పలేకపోయాను పంతులుగారూ" అంది వడ్రంగిపిట్ట. "ముళ్ళపందిగారి బొరియ ఖాళీగా ఉంది. గుమ్మానికి సాలెగూడు పట్టింది. చాలా రోజులుగా అక్కడెవరూ లేరు."

పంతులుగారు ఆకులు అక్కడే వదిలేశారు. వాగు వైపు పరుగెత్తారు.

వాగు అప్పటికే ఎర్రబారింది. నడిమి బండ మీద సూదమ్మ నిలబడి ఉంది. ముందు బండ లేదు, వెనక బండ లేదు.

పంతులుగారు నీళ్ళలోకి దూకారు. తొండం చాచి సూదమ్మను చుట్టేశారు. ముళ్ళు దిగబడ్డాయి. అయినా వదల్లేదు. ఇవతలి ఒడ్డు చేరాకే పిల్లను దింపారు.

"మీ ఇల్లెక్కడ తల్లీ?"

"గుట్ట వెనక, ఈతచెట్ల కింద. ఇల్లు మారి రెండు నెలలైంది పంతులుగారూ. మీరు అడగలేదు కదా!"

పంతులుగారు పిల్లను ఇంటికి చేర్చారు. జరిగింది విని ముళ్ళపందమ్మ బావురుమంది. తేరుకున్నాక అంది: "రాత్రంతా తిండికి తిరిగి పగలు పడుకుంటాను పంతులుగారూ. అయినా నిద్ర మానుకుని రెండుసార్లు బడికి వచ్చాను, ఇల్లు మారామని చెబుదామని. పంతులుగారు పాఠంలో ఉన్నారని ఒకసారి నెమలిగారు, పనిలో ఉన్నారని ఒకసారి చిలకగారు పంపేశారు."

పంతులుగారికి సిగ్గేసింది.

"తప్పు నాదమ్మా. నీ చెవులు ఎక్కడున్నాయని అడిగాను. ఇంత పెద్ద చెవులు పెట్టుకుని నేనే వినలేదు. తల్లీ సూదమ్మా, నువ్వు కూడా నన్ను క్షమించు."

సూదమ్మ ఆయన తొండంలో దిగిన ముళ్ళను ఒక్కొక్కటే నెమ్మదిగా లాగేసింది.

ఆనాటి నుంచి కబుర్లు వడ్రంగిపిట్ట పనైంది. పంతులుగారు తేలిక మాటల్లో చెప్పడం నేర్చుకున్నారు. నెమలి ప్రార్థన పాటకు, చిలక ఎక్కాలకు మారి హాయిగా ఉన్నాయి. రోజూ చివరి గంట కొట్టాక పంతులుగారు బడి ముందు కూర్చుని, చెవులు విప్పి, ఎవరు వచ్చినా చెప్పింది వినేవారు.

వానలు తగ్గాక, మూసిన బడి మళ్ళీ తెరిచే కబురు వెళ్ళింది. ఇరవై ఒక్క ఆకులు తిరిగివచ్చాయి. చివరిది ఈతాకు. ఎక్కడా జారిపోకుండా దాన్ని ఒక ముల్లుతో మడిచి గుచ్చి పంపింది ముళ్ళపందమ్మ. పంతులుగారు దాన్ని బడి గుమ్మానికి కట్టుకున్నారు.

పిల్లలూ, నోటితో చెప్పినంత మాత్రాన కబురు చేరినట్టు కాదు. విన్నామని జవాబు వచ్చినప్పుడే చేరినట్టు, ఆ జవాబు వినే చెవి ఉన్నవారే పెద్దవారు.