తాళం వేసిన ఆటలు

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలకైనా గుర్తులేని కాలంలో, కుందేరు రాజ్యంలో బడి పేరు చెబితే చాలు, పిల్లలకు కడుపునొప్పి వచ్చేది.

ఆ సంగతి రాజుగారి చెవిన పడింది. ఇకమీదట ఆటపాటలతోనే చదువు చెప్పాలని ఆయన ఊరూరా చాటింపు వేయించాడు. అది విని అందరికన్నా సంతోషించినవాడు సిరివాడ బడిపంతులు మాల్యాద్రి. తీసివేతలు చెప్పీ చెప్పీ ఆయన గొంతు బొంగురుపోయింది. పిల్లల బుర్రకు మాత్రం ఎక్కలేదు.

కొన్నాళ్లకు కోట నుంచి పెద్ద పెట్టె వచ్చింది. నిండా లక్కబొమ్మలు, గవ్వలు, బుల్లి తక్కెడలు. పిల్లలు ఈగల్లా మూగారు. పెట్టె వెనకే బడుల అధికారి దండపాణి దిగాడు. ఇది రాజుగారి సొత్తు అన్నాడు. ఒక్క బొమ్మ మీద గీత పడినా పంతులు కొలువు ఊడుతుందన్నాడు. పెట్టెకు తాళం వేయించి, తాళంచెవి మాల్యాద్రి చేతిలో పెట్టి వెళ్లాడు.

మరి ఆడించేదెలా అని అడగబోయి, ఇంట్లో భార్యాబిడ్డలు గుర్తొచ్చి మాల్యాద్రి ఊరుకున్నాడు.

రెండోసారి దండపాణి ఒక పద్యం పట్టుకొచ్చాడు. ఆటలు ఎంత హాయైనవో చెప్పే పద్యం. పిల్లలంతా కదలకుండా కూర్చుని దాన్ని వల్లెవేయాలి. తప్పితే చెవి మెలేస్తారు. మాల్యాద్రి తల పట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఆట పేరు చెప్పినా పిల్లలకు కడుపునొప్పి రావడం మొదలైంది.

మూడోసారి రాజుగారే వస్తున్నారని కబురు. దండపాణి ముందురోజే వచ్చి, తాను చప్పట్లు కొడితే పిల్లలు నవ్వాలనీ, చెయ్యెత్తితే ఆపాలనీ నేర్పాడు. పోలి అనే చిన్నపిల్ల నవ్వలేదు. ఎందుకని గద్దిస్తే, నవ్వు రావడం లేదంది. రేపు ఈ పిల్లను బడికి రానీయవద్దని దండపాణి హుకుం జారీచేశాడు.

మాల్యాద్రికి ఒళ్లు మండిపోయింది. అయినా నోరెత్తలేదు. పోలిని మాత్రం రావద్దని చెప్పలేదు.

మర్నాడు రాజుగారు వచ్చారు. చప్పట్లు మోగాయి, పిల్లలు నవ్వారు. పెట్టె తెరిపించి చూస్తే బొమ్మలు తళతళలాడుతున్నాయి. ఎంత భద్రంగా చూసుకున్నారని రాజు మురిసిపోయి, దండపాణికి ఇద్దామని మెడలోని ముత్యాలహారం తీయబోయాడు.

ఇక మాల్యాద్రికి ఓపిక నశించింది.

"ప్రభూ, ఆడుకున్న బొమ్మ ఎక్కడైనా కొత్తగా ఉంటుందా?" అన్నాడు.

తాళం సంగతి, పద్యం సంగతి, చప్పట్ల సంగతి అన్నీ చెప్పేశాడు. చివరికి తాళంచెవి రాజు పాదాల దగ్గర పెట్టి, "నా కొలువు తీసేయండి. పెట్టె మాత్రం పిల్లలకు వదిలేయండి" అన్నాడు.

రాజు తానే పెట్టెను నేలమీద బోర్లించాడు. పిల్లలెవరూ కదల్లేదు. అందరి కళ్లూ దండపాణి చేతిమీదే ఉన్నాయి. అది చూసి రాజు ముఖం వాడిపోయింది. ఆయన మెల్లగా నేలమీద చతికిలబడ్డాడు.

ముందుగా పోలి వచ్చింది. తక్కెడ పట్టుకుని అంగడి తెరిచి, రాజుకు ఏడు గవ్వలకు ఏనుగును అమ్మింది. రాజు పది గవ్వలు ఇచ్చాడు. పోలి రెండు తిరిగిచ్చింది. ఇంకొకటి రావాలని వెనకనుంచి పిల్లలందరూ అరిచారు. అంతవరకూ తీసివేత రాని పిల్లలే! ఆ తోపులాటలో ఏనుగు తొండం విరిగింది. రాజు పకపకా నవ్వాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టకుండానే పిల్లలూ నవ్వారు.

ముత్యాలహారం మాల్యాద్రి మెడలో పడింది. దండపాణిని ఏడాదిపాటు ఆ బడిలోనే, పిల్లల మధ్య నేలమీద కూర్చోమని రాజు ఆజ్ఞాపించాడు.

కనుక పిల్లలూ, పెద్దలూ, తెలుసుకోండి: భయపెట్టి చెప్పిన చదువే కాదు, భయపెట్టి ఆడించిన ఆట కూడా ఒంటబట్టదు.