మందిరం నోరు విప్పిన స్వరం

గండికోన రాజు వీరకుమార భూపాలుడికి తుమ్ము వచ్చింది.

మామూలు తుమ్మే. కానీ వచ్చింది కొత్తగా కట్టించిన చిన్న రాతి మందిరంలో. రాజుగారు "హాఛ్" అన్నారు. గోడలు "ఝుమ్‌మ్‌మ్" అన్నాయి. తాంబూలం పళ్ళెం గడగడలాడింది. రాజుగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, మళ్ళీ ఆ మోత విందామని పూటంతా నశ్యం పీల్చి తుమ్ముతూ కూర్చున్నారు. ముక్కు దొండపండైంది గానీ మందిరం ఉలకలేదు, పలకలేదు.

ముక్కు మంట తగ్గాక సభలో ప్రకటించారు.

"ఆ మందిరం పాడాలి! దాన్ని పాడించే కృతి కట్టినవారికి ఖజానాలోని రుద్రాంబగారి వీణ బహుమానం!"

ఆస్థాన వైణికురాలు కుందనాంబ చటుక్కున తలెత్తింది. రుద్రాంబగారు ఆమె గురువు. ఆవిడ పోయాక వీణను ఖజానాలో పెట్టి తాళం వేశారు. దాన్ని ఒక్కసారి ఒళ్ళో పెట్టుకోవాలని కుందనాంబ ఏళ్ళ తరబడి తపించిపోతోంది.

"నాకే ఇప్పించండి ప్రభూ," అన్నాడు ఆస్థాన గాయకుడు భైరవమూర్తి మీసం దువ్వుతూ. "చిలక పంజరం వేలాడదీయడానికి మంచి కొయ్య కోసం చూస్తున్నాను."

కుందనాంబ పళ్ళు పటపట కొరికింది.

భైరవమూర్తి గొంతెత్తితే శాలలో గుర్రాలు తాళ్ళు తెంపుకునేవి. ఆయనకు ఇంకో గుణమూ ఉంది. ఒకరు పాడుతుంటే నోరు మూసుకుని కూర్చోలేడు. ఎవరైనా కాస్త ఆగితే చాలు, తనే అందుకుని పూర్తి చేసి, "అలా పాడాలి!" అనేవాడు. పసిపాపకు తల్లి పాడే జోలపాటను కూడా వదల్లేదు మహానుభావుడు.

కుందనాంబ ఒంటరిగా మందిరంలో కూర్చుని, తంబురా శ్రుతిలో పై స్వరం నుంచి ఒక్కొక్కటే కూనిరాగం తీస్తూ కిందికి దిగింది. గోడలు మొద్దుల్లా ఊరుకున్నాయి. బాగా అడుగున, మంద్ర పంచమం దగ్గరకు వచ్చేసరికి తాంబూలం పళ్ళెంలోని సున్నపుకాయ సన్నగా వణికింది.

"దొరికావు!" అనుకుంది కుందనాంబ.

కంచు చెంబుకైనా, రాతి గదికైనా తనదంటూ ఒక స్వరం ఉంటుంది. అది చెవిన పడితేనే బదులిస్తుంది. రాజుగారి మొదటి తుమ్ము పొరపాటున ఆ స్వరం మీద పడింది, అంతే.

కానీ ఆమె సన్నని గొంతుకు సున్నపుకాయ వణికితే గొప్ప. గోడలు కదలాలంటే పెద్ద గొంతు కావాలి. అంత గొంతు రాజ్యంలో ఒక్కటే ఉంది. పాపం, దిగాలుగా కూర్చున్న మనిషి ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

పోటీనాడు సింహాసనంతో సహా సభంతా ఆ మందిరంలోనే సర్దుకుని కూర్చుంది. ముందు భైరవమూర్తి లేచాడు. కింది స్వరాలు చేతకానివాళ్ళకని ఆయన నమ్మకం. అందుకని పైకి, ఇంకా పైకి పోయాడు. దీపం కొండెక్కింది. పావురాలు లేచిపోయాయి. రాణిగారు చెవుల్లో దూది పెట్టుకున్నారు. మందిరం మాత్రం కిమ్మనలేదు.

తర్వాత కుందనాంబ అదే తంబురా శ్రుతికి తన వీణ సరిచేసుకుంది.

"ఎవరైనా గొంతు కలపాలనుకుంటే నాకు అభ్యంతరం లేదు ప్రభూ," అంది.

మెట్లు దిగినట్టు వయ్యారంగా స్వరాలు దిగి, ఆ మంద్ర పంచమానికి ఒక్క మెట్టు పైన టక్కున ఆగింది. సభంతా ముందుకు వంగింది. మళ్ళీ దిగి, మళ్ళీ అక్కడే ఆగింది. భైరవమూర్తి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. ఈసారి ఊరిస్తూ, ఊరిస్తూ దిగి... ఆగింది.

"అయ్యయ్యో! పంచమం మీద నిలవాలమ్మా! ఇలా! పా...!"

ఝుమ్‌మ్‌మ్!

గోడలు మోగాయి. పళ్ళెం ఎగిరింది. రాజుగారి కిరీటంలో ముత్యాలు టకటకలాడాయి. రాజుగారు ఆనందంతో సింహాసనం మీద నిలబడిపోయారు.

"చూశారా ప్రభూ! మందిరాన్ని పాడించింది నేను! వీణ నాది!" అరిచాడు భైరవమూర్తి.

కుందనాంబ లేచి నమస్కరించింది.

"మందిరాన్ని మోగించింది మూర్తిగారే ప్రభూ. మూర్తిగారిని మోగించింది నేను!"

"అదెలా?" అన్నారు రాజుగారు.

"వీణ మీటితే పలుకుతుంది. మీటడం ఆపితే మూర్తిగారు పలుకుతారు. నా కృతిలో ఆయనా ఒక వాయిద్యమే. నమ్మకం కుదరకపోతే మళ్ళీ వాయిస్తాను, ఆయన్ని ఊరుకోమనండి."

"ఊరుకుంటాను! అదెంత పని!" అని భైరవమూర్తి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

కుందనాంబ మీటింది. స్వరాలు దిగాయి, దిగాయి, ఆగాయి. భైరవమూర్తి మొహం ఎర్రబడింది. కళ్ళు బయటికొచ్చాయి. బుగ్గలు పూరీల్లా ఉబ్బాయి.

"పా...!"

ఝుమ్‌మ్‌మ్!

సభ సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి భైరవమూర్తికీ నవ్వాగలేదు. రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ రుద్రాంబగారి వీణ తెప్పించి కుందనాంబ ఒళ్ళో పెట్టారు. ఆమె తీగల మీద చెయ్యి వేసి, నవ్వుతూనే ఏడ్చేసింది.

తర్వాత ఒక పట్టుశాలువా తెప్పించి భైరవమూర్తిని మెడ దాకా చుట్టబెట్టారు.

"మంచి వాయిద్యం," అన్నారు రాజుగారు. "దుమ్ము పడకుండా చూసుకోండి!"