బూజు మీద పూసిన నిమ్మగడ్డి నూనె

ఈ కథలో నూనె పంచడం ముందో, నక్క గంపలు తేవడం ముందో ఒక్కోసారి తికమకపడతాను. ఎక్కడైనా వరస తప్పితే చదివేవాళ్లే సర్దుకోవాలి.

అడవి అంచున ఏటి ఒడ్డున వరాలు అనే బాతు పిల్లలతో కాపురముండేది. మొక్కజొన్న కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజలు ఏరి, ఎండబెట్టి, బుల్లి గాదెలో పోసుకునేది. వానాకాలమంతా ఆ పిల్లల కడుపులకు అదే ఆధారం. బాతుపిల్లలకు బూజుగింజ విషంతో సమానం. కిందటేడు వరాలు చెల్లెలు తెలియక తన పిల్లలకు పెట్టింది. ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. అప్పటినుంచి వరాలుకు గింజంటే భయం, గింజ లేకపోతే అంతకన్నా భయం.

బూజు రాకుండా చేసే మందు పునుగుపిల్లి దగ్గర ఉండేది. నిమ్మగడ్డిని మూతపెట్టిన కుండలో కాచి, ఆ ఆవిరి పట్టి నూనె తీసేది. వానలకు ముందు ఇంటికొక సొరబుర్ర నిండా పంచేది.

"ముందు ఎండ, తరవాతే నూనె. బాగా ఎండిన గింజకు పట్టించి మూత బిగించండి. అయిపోయిందని మళ్లీ వస్తే నా దగ్గర చుక్క ఉండదు, ఇప్పుడే చెబుతున్నా" అనేది.

ఆ ఏడు వరాలుకు గింజలు తక్కువ దొరికాయి. గాదె సగమే నిండింది. ఏం చెయ్యాలా అని దిగులుపడుతుంటే గవరయ్య అనే నక్క రెండు గంపలతో దిగింది. ఏటి గట్టంతా నిమ్మగడ్డి ఘుమఘుమ.

"వదినా! ఈ రెండు గంపలూ తీసుకుని నీ గాదెలోది ఒక్క గంప ఇయ్యి. నీవి సన్నగింజలు. నా పళ్లు కదులుతున్నాయి, లావుగింజ నమల్లేను."

"మొన్న ఎముకలు కొరికావట?"

"అందుకే కదిలాయి వదినా!"

వరాలుకు ఆశ పుట్టింది. ఒకటికి రెండు! పిల్లలకు వానలు దాటేదాకా ఢోకా ఉండదు. వాసనా బ్రహ్మాండంగా ఉంది. ముక్కు గంపలో పెట్టబోయి ఆగింది. చెల్లెలి ఖాళీ గూడు గుర్తొచ్చింది.

"సరే మరిదీ. కానీ మా పుట్టింటి ఆనవాయితీ ఒకటుంది. పొరుగింటి గింజ మా ఎండ చూడందే మా గాదె చూడదు. ఆ బండ మీద పోసి వెళ్లు."

నక్క గతుక్కుమంది. "ఎండలో పోస్తే నూనె వాసన పోదూ?"

"పోతే పోనీ. నా బుర్రలో నూనె ఉందిగా, మళ్లీ పట్టిస్తాను. గింజ బాగుంటే చాలు."

ఇక కాదనలేక నక్క గింజలు పోసి ఓ పక్కన కూలబడింది. పొద్దెక్కేకొద్దీ ఘుమఘుమ పలచబడింది. మధ్యాహ్నానికి గాలిలో కలిసిపోయింది. దాని చోట తడిగోనె ముక్కినట్టు ఒక కంపు మెల్లగా లేచింది. వరాలు ఓ గింజను ముక్కుతో చీల్చింది. లోపల పచ్చటి బూజు.

"మరిదీ, ఎండకు నీ అత్తరు ఎగిరిపోయింది. నీ బూజు మాత్రం ఎగరలేదు. పైన పటారం, లోన లొటారం!"

"కలికాలం! మేలు చేద్దామని వస్తే ఇదా మర్యాద?" అంటూ నక్క గంపలు నెత్తినెత్తుకుని జారుకుంది.

తరవాత ముసురు పట్టింది. సూర్యుడు ముఖం చూపలేదు. ఉన్నదాన్నే పొదుపుగా పెడుతూ వరాలు రోజులు నెట్టుకొస్తోంది. ఒక రోజు పునుగుపిల్లిని పలకరించడానికి వెళ్లేసరికి అక్కడ నక్క తడిసి ముద్దయి నిలబడి ఉంది.

"అత్తా, కాస్త నూనె! నేను తినడానికి దాచుకున్న మంచి గింజలకు బూజు పడుతోంది."

"నీ బుర్ర నూనె ఏం చేశావురా?"

వరాలు అందుకుంది. "కుళ్లిన గింజలకు పూసి నాకు అంటగట్టబోయాడు అత్తా. మంచివాటికి చుక్క మిగల్లేదు కాబోలు."

పునుగుపిల్లి తోక విదిల్చింది. "బూజు పట్టకముందు పూస్తే మందురా అది. పట్టాక పూస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. చుక్క లేదు, పో."

నక్క డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. వరాలుకు జాలేసింది. వెంట తెచ్చుకున్న తన మధ్యాహ్నపు తిండిలో గుప్పెడు గింజలు దాని ముందు పోసింది.

"తిను మరిదీ. అనుమానముంటే ఎండబెట్టి చూసుకో."

ఆ ముసురులో ఎండెక్కడిది! గవరయ్య తల వంచుకుని, కదులుతాయన్న ఆ పళ్లతోనే కరకరా నమిలింది.

నీతి: మంచిని కాచే మందు చెడును మంచి చెయ్యదు.

అమ్మా భ్రమరా, పేర్లు ఒకసారి చూసిపెట్టు. బాతును అంతటా వరాలనే రాశానా, నడుమ ఇంకేదన్నా పడిందా? నక్కకు పెట్టిన పేరుగలవాళ్లు మీ అత్తవారి వైపు ఉంటే మార్చెయ్యి తల్లీ.