బురద కింద పొగ గీతలు

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ గిన్నెలాంటి ఒక లోయ. చుట్టూ కొండలు, లోపల చలి. ఎంత చలంటే, ఎలుగుబంటికి కూడా పళ్లు టకటకలాడేవి! నవ్వకండర్రా, అంత బొచ్చున్నవాడికే అలా ఉంటే మిగతావాళ్ల సంగతి ఆలోచించండి.

ఒకనాడు కోరప్ప అనే అడవిపంది దుంపల కోసం నేల తవ్వుతుంటే బొగ్గు బయటపడింది. కుంపటిలో వేసి రాజేశాడు. అబ్బ, ఏం వెచ్చదనం! మొదట చలి కాచుకోవడానికి ఒక కుంపటి. తరవాత దుంపలు కాల్చుకోవడానికి ఇంకొకటి. ఆ తరవాత నక్కకు ఉంది, మాకెందుకు లేదని గుహకొకటి.

మరి పొగో? లోయ దాటి పోలేక తూర్పు కొండ రాతిగోడను పట్టుకుని పైకి పాకేది. వానలకు గోడ మసి కడుక్కుపోయేది, చలికాలం రాగానే మళ్లీ పట్టేది. ఏటా చలికాలంలో సూదమ్మ అనే ముళ్లపంది, మసి ఎంత ఎత్తుకు వచ్చిందో చూసి, ముల్లుతో రాతి మీద గీత గీసేది. కిందటేటి గీతతో పోల్చి అందరికీ చెప్పేది. చెప్పగానే ఆ పాత గీత మీద జిగురు బురద మెత్తేసేవారు. పాత మసిని చూస్తే కొత్త ఏడు కలిసిరాదని వాళ్ల నమ్మకం. అందుకే గోడ మీద ఎప్పుడు చూసినా ఒకటే గీత.

ఆ గోడకు పైన, ఒక రాతి అంచు మీద ధవళి అనే పావురం గూడు ఉండేది. గూట్లో రెండు పసికూనలు. ఇంకా రెక్కలు రాలేదు.

ఆ ఏడు గాలి బాగా వీచింది. సూదమ్మ గీత గీసి కేకేసింది.

"జానెడు కిందికి దిగిందర్రోయ్!"

కోతులు పిల్లిమొగ్గలేశాయి. అడవి పెద్ద భల్లయ్య, మన ఎలుగుబంటే, రొమ్ము చరుచుకున్నాడు.

"చూశారా! పొగ తగ్గిపోతోంది. ఇంకో పది కుంపట్లు పెట్టుకోండి!"

ధవళి రివ్వున కిందికి దిగింది.

"ఆగండి భల్లయ్య మామా! ఈ గీతకూ మా గూటికీ మధ్య మూడు మూరలే ఉంది. మా అమ్మ కాలంలో పొగ ఇంత దగ్గరికి వచ్చేది కాదు."

"తగ్గిందని విన్నాక కూడా ఏడుపేనా?" అన్నాడు కోరప్ప. "నా కొత్త కుంపటి సగం పొగే వదులుతుంది, తెలుసా?"

"కుంపట్లు ఇరవై ఇంతలయ్యాయి కదా బాబాయ్!"

"ఎగిరేదానివి, నీకేం? ఇంకోచోట గూడు కట్టుకో."

"నేను ఎగురుతాను. నా పిల్లలు ఎగరలేరే!" అంది ధవళి. "సూదమ్మత్తా, నీకు దణ్ణం పెడతా. ఆ బురద ఒక్కసారి గీకవూ?"

సూదమ్మ భల్లయ్య వైపు చూసింది, పిల్లల గూటి వైపు చూసింది. గీకడం మొదలుపెట్టింది. ఒక గీత బయటపడింది. దానికి కింద ఇంకొకటి. ఇంకా కింద, ఇంకా కింద... చివరిది నేలకు జానెడు ఎత్తున ఉంది. మొత్తం ముప్పై గీతలు! నడుమ ఒకటీ అరా దిగినా, అన్నీ కలిపి చూస్తే నిచ్చెన మెట్లలాగా తిన్నగా గూటివైపే ఎక్కుతున్నాయి.

కోతులు పిల్లిమొగ్గలు ఆపేశాయి. భల్లయ్యకు కూడా సంగతి అర్థమైంది. కానీ అంతమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నామోషీ అయింది.

"పాతవి మనకెందుకు? ఈ ఏడు తగ్గింది, అది చాలు. బురద మెత్తెయ్!"

సూదమ్మ మెత్తేసింది. పది కొత్త కుంపట్లు రాజుకున్నాయి.

అప్పుడు గాలి ఆగిపోయింది. ఆకు కదిలితే ఒట్టు.

మొదటి రోజు పొగ గీతను తాకింది. రెండో రోజు గూటికి మూరెడు దూరంలోకి వచ్చింది. మూడో రోజు తెల్లారేసరికి గూడు కనపడలేదు. పొగలోంచి సన్నగా దగ్గు మాత్రం వినిపించింది. ఒకసారి ఇద్దరి దగ్గు. ఒకసారి ఒక్కరిదే.

"ఆర్పండి! అన్నీ ఆర్పండి!" అని భల్లయ్య పరుగెత్తాడు. కుంపట్ల మీద నీళ్లు పోశారు, మన్ను పోశారు. మంటలన్నీ ఆరాయి. పొగ పోలేదు. గిన్నెలో నిండింది గిన్నెలోనే నిలబడింది. రెండు రోజులు అందరూ తలలు పైకెత్తి కూర్చున్నారు.

చివరికి గాలి వచ్చింది. ధవళి రెక్కలు పరిచి అలాగే కూర్చుని ఉంది, మసితో నల్లగా. రెక్కల కింద ఒక పిల్ల కదిలింది. రెండోది కదల్లేదు.

భల్లయ్య గోడ కింద నిలబడి, "తల్లీ, తప్పు నాది" అన్నాడు. ధవళి మిగిలిన పిల్లను రెక్క కిందికి లాక్కుంది.

మరుసటి ఏడు సగం కుంపట్లు వెలగలేదు. చలిని పంచుకుని, నలుగురూ ఒక్కదాని చుట్టూ కూర్చున్నారు. సూదమ్మ గీత గీసింది. మూరెడు దిగింది. బురద తెమ్మని ఎవరూ అనలేదు.

"ధవళీ, తగ్గింది కదమ్మా? ఇక భయం లేదుగా?" అని భల్లయ్య మెల్లగా అడిగాడు.

ధవళి ఆ గీతనూ, పైనున్న కిందటేటి గీతనూ చూసింది.

"ఇంకో పది గీతలు దిగాక అడుగు మామా. అప్పుడు చెబుతాను."

నీతి: ఒక్క ఏడు తగ్గిందని మురిసిపోకూడదు, ఏళ్ల తరబడి ఎటు పోతున్నామో చూసుకుని, ముప్పు గూటిదాకా రాకముందే మంట తగ్గించుకోవాలి.